ఆంసూల తారీఖ్

పోయిన ఇత్వార్ పొద్దున మా ఆపా కూతురు టోలీచౌకీలో ఉన్న మా ఇంటికొచ్చింది. ఇంట్లో అందరం గుడియా అంటాం. ఇరవై మూడేళ్ళది, ఎమ్మెస్సీ చేసింది, ఆరో క్లాసు నుంచీ చష్మా. నా గదిలోకొచ్చి, తలుపు దగ్గరగా వేసి, "ఖాలా, ఆ రిష్తా వాళ్ళకి నేను నచ్చానట. కానీ నికాహ్‌కి ముందే చష్మా తీసేయించమంటున్నారు. నువ్వూ అలాగే చేయించుకున్నావు కదా. భయపడాల్సిందేమైనా ఉందా?" అనడిగింది.

జవాబ్ చెప్పేలోపే నా చెయ్యి అలవాటు కొద్దీ సంచీలోకి పోయింది. చిన్న వయల్ మూత తుంచి, తల వెనక్కి వంచి, చెరో కంట్లో ఒక చుక్క వేసుకున్నాను. కళ్ళు మూసి తెరిచేసరికి ఆ పిల్ల నన్నే చూస్తోంది.

"ఇప్పటికీ వేసుకోవాలా?"

"ఇప్పటికీ."

ఆ రోజు దానికి చెప్పింది కొంత. చెప్పలేక మిగిలిపోయింది చాలా. ఇలాంటి సవాల్ మన ఇళ్ళల్లో ఇంకా చాలామంది ఆడపిల్లల ముందు ఉందని తెలుసు కాబట్టి మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నాది 2009. పవర్ మైనస్ ఐదున్నర. చష్మా తీస్తే ఎదురుగా ఉన్న అమ్మీ మొహం కూడా మసకే. మూడు రిష్తాలు చష్మా దగ్గరే ఆగిపోయాక అమ్మీ చిట్టీ ఎత్తి ఆపరేషన్‌కి డబ్బు కట్టింది. ఒక్కో కంటికి కొన్ని నిమిషాలు. వెంట్రుకలు కాలినట్టు ఒక వాసన. అంతే. మర్నాడు పొద్దున డాబా ఎక్కి చూస్తే గోల్కొండ ఖిలా గోడలో రాళ్ళు వేటికవి విడివిడిగా కనబడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక అలా చూడటం అదే మొదటిసారి. ఆ సంతోషాన్ని నేను ఈ రోజుకీ కాదనను. లాసిక్ మోసమని రాయడానికి కూర్చోలేదు.

తక్లీఫ్ మూడో వారంలో మొదలైంది. ఫజర్‌కి లేస్తే రెప్ప కంటికి అతుక్కుపోయి ఉండేది. వేలితో విడదీస్తే ఇసుకతో రుద్దినట్టు మంట. పగలు ఫ్యాన్ గాలి తగిలితే చాలు, కన్ను మూసుకోవాల్సిందే. ఆపరేషన్ చేసిన చోటికి మళ్ళీ వెళ్ళాను. గోడ మీది చార్ట్ చదవమన్నారు. చివరి లైను దాకా గడగడా చదివేశాను. "చూపు ఫస్ట్ క్లాస్, పొడి కొన్నాళ్ళకి అదే పోతుంది" అని పంపేశారు. ఆరు నెలలయినా అదే మాట, ఏడాదయినా అదే మాట. చూపు నిజంగానే ఫస్ట్ క్లాస్. కన్నే బాగాలేదు. ఈ రెండూ వేరు వేరని చెప్పేవాళ్ళు దొరకడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఎందుకలా అని చదవడం మొదలుపెడితే రెండు తారీఖులు కనిపించాయి. ఒకటి కన్నీటిది, ఇంకొకటి చష్మా వదిలించే ఇలాజ్‌ది. వెయ్యేళ్ళలో ఈ రెండూ పక్కపక్కన నడిచింది చాలా తక్కువ.

మొదటిది బగ్దాద్ నుంచి చెప్తాను. తొమ్మిదో శతాబ్దంలో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ అక్కడ కన్ను మీద పది మకాలాల కితాబ్ రాశాడు. ఆయన ఈసాయీ. ఖలీఫాల దగ్గర యూనానీ గ్రంథాలకి అరబీ తర్జుమాలు చేసిన ఉస్తాద్. కంటి నిర్మాణాన్ని బొమ్మ గీసి చూపిన పాత కితాబుల్లో ఇప్పటికి మనకు దొరికే వాటిలో ఆయనదే మొదటిదంటారు. కంటి ముందున్న పారదర్శకమైన పొరకి అరబీలో ఖర్నియా అని పేరు. ఖర్న్ అంటే కొమ్ము. పల్చగా చెక్కిన కొమ్ములా వెలుతురు దూరనిస్తుందని ఆ పేరు. లాటిన్‌లో చెప్పే కార్నియాకీ అదే అర్థం. ఉర్దూలో మనం ఇవాళ్టికీ ఖర్నియా అనే అంటాం. నా కంట్లో కోసింది సరిగ్గా ఈ పొరనే.

హునైన్ తర్వాత నూరేళ్ళకి బగ్దాద్‌లోనే అలీ ఇబ్న్ ఈసా 'తజ్‌కిరతుల్ కహ్హాలీన్' రాశాడు. నూట ముప్ఫైకి దగ్గరగా కంటి మర్జులు అందులో ఉన్నాయి. కహ్హాల్ అంటే కంటి వైద్యుడు. ఆ మాట కుహ్ల్ నుంచి, అంటే మన సుర్మా నుంచి వచ్చింది. కంటి వైద్యుడి పేరే సుర్మా పెట్టేవాడని! ఆ కాలం హకీమ్‌లకి రెప్పల లోపలి పక్క గరుకెక్కడం, అంచులు వాచడం, కన్ను ఎర్రబడటం, పొడిబారడం అన్నీ తెలుసు. కంటి పైభాగాన్ని వాళ్ళు చాలా ఓపిగ్గా చూశారు. అదే ఇల్మ్ మన షహర్‌కీ వచ్చింది. ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లో కట్టించిన దారుల్‌షిఫా దవాఖానా కూడా, యూనానీ చదువు చెప్పిన మదర్సా కూడా. ఇవాళ ఆ పేరు మీద ఒక మొహల్లా మిగిలింది.

సుర్మా మాట వచ్చింది కాబట్టి దాదీ సంగతి. నా కళ్ళు మండుతున్నాయని తెలిసి పాపం దాదీ తన వెండి సుర్మేదానీ తీసుకొచ్చింది, "చల్లబడతాయి బేటా" అని. నేనూ రెండు రోజులు పెట్టుకున్నాను. తర్వాత డాక్టర్ తిట్టారు, తిట్టాల్సిందే. పాత కితాబుల్లో ఇస్మిద్ అని చెప్పేది సుర్మా రాయి. ఇప్పుడు బజార్లో దొరికే చాలా సుర్మాల్లో ఉండేది సీసం కలిసిన రాయి పొడి. కోసిన ఖర్నియా మీద గరుకు పొడి, అందులో సీసం. పసిపిల్లల కళ్ళకైతే అసలే వద్దు. దాదీ మనసు నొప్పించకుండా సుర్మేదానీని అల్మారాలో దాచాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

కన్నీటిని కొలవడం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 1903లో జర్మన్ డాక్టర్ ఒట్టో షిర్మర్ ఒక చిన్న కాగితం పట్టీ మడిచి కింది రెప్పలో తగిలించి, అయిదు నిమిషాల్లో అది ఎంత దూరం తడుస్తుందో చూశాడు. ఇంతకంటే సస్తా పరీక్ష కంటి వైద్యంలో ఇంకోటి ఉండదేమో. 10 మిల్లీమీటర్లు దాటితే ఫిక్ర్ లేదంటారు, 5 లోపయితే బాగా పొడి. 1933లో స్వీడన్‌లో హెన్రిక్ షోగ్రెన్ 19 మంది ఆడవాళ్ళ కళ్ళ పొడిబారడం మీద థీసిస్ రాశాడు. వాళ్ళలో చాలామందికి కీళ్ళ నొప్పులు కూడా ఉన్నాయని గమనించాడు. ఇవాళ ఆ మర్జ్‌కి ఆయన పేరే. మన ఇళ్ళల్లో నడి వయసు ఆడవాళ్ళు కళ్ళ మంట, నోరెండటం, మోకాళ్ళ నొప్పి అంటే మూడింటికీ మూడు గోలీలు కొనిస్తాం. మూడూ కలిపి ఒక్క డాక్టర్‌కి చెప్పరు, మనం అడగం. అడగాలి.

ఇప్పుడు రెండో తారీఖ్. ఇది తొందర మనుషుల కథ.

1930ల చివర్లో టోక్యోలో డాక్టర్ సుతోము సాటో, కార్నియాకి లోపలి వైపు నుంచి సన్నగా గాట్లు పెడితే దూరపు చూపు సరవుతుందని కనిపెట్టాడు. నిజంగానే సరయింది. ఏళ్ళు గడిచాక ఆ కళ్ళు ఒక్కొక్కటీ మబ్బు పట్టాయి. కార్నియా లోపలి పొరలో మళ్ళీ పుట్టని కణాలుంటాయి, నీళ్ళు పట్టకుండా కాపాడేవి అవే. ఆ సంగతి అప్పటికి ఎవరికీ మాలూం లేదు. మర్నాటి చార్ట్ అంతా బాగుందనే చెప్పింది. చదువుతుంటే నా క్లినిక్ గోడ మీది చార్ట్ గుర్తొచ్చింది.

తర్వాత బొగోటాలో హోసే ఇగ్నాసియో బర్రాకేర్. 1949 నుంచీ ఆయన తపన ఒకటే, కార్నియా ఆకారం మారిస్తే చష్మా అక్కర్లేదని. పై పొరను కోసి తీసి, గడ్డకట్టించి, కడ్డీ తిప్పే లేత్ యంత్రం లాంటి దాని మీద చెక్కి, మళ్ళీ కుట్టేవాడు. 1974 ప్రాంతంలో మాస్కోలో ఫ్యోదోరోవ్ కార్నియా పై వైపు చక్రం ఆకుల్లా గాట్లు పెట్టడం మొదలుపెట్టాడు. వేలమంది చేయించుకున్నారు.

లేజర్ దగ్గరికి వచ్చేసరికి మన మద్రాసు మనిషి కనిపిస్తాడు. రంగస్వామి శ్రీనివాసన్ 1929లో మద్రాసులో పుట్టి, అక్కడే చదివి అమెరికా వెళ్ళాడు. మన తెలుగు సినిమా మద్రాసులో పాతుకుపోతున్న రోజుల్లోనే ఆయన అక్కడ కెమిస్ట్రీ చదువుకుంటున్నాడు. 1981 నవంబర్లో, ఐబీఎం ప్రయోగశాలలో, ఇంట్లో పండుగ దావత్‌లో మిగిలిన టర్కీ కోడి ముక్క తీసుకెళ్ళి 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్ కింద పెట్టాడు. చుట్టుపక్కల కాలకుండా, చాకుతో గీసినట్టు శుభ్రంగా తెగింది. తోడు జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్. 1983లో స్టీఫెన్ ట్రోకెల్ అనే కంటి డాక్టర్ ఆయనతో కలిసి దాన్ని కార్నియా మీద వాడి చూపించాడు. షీరాజ్‌లో పుట్టిన డాక్టర్ గులామ్ పేమన్, పై పొరను తలుపులా లేపి, కింద లేజర్‌తో చెక్కి, మళ్ళీ మూసే పద్ధతికి 1989లో అమెరికా పేటెంట్ పొందాడు. క్రీట్ ద్వీపంలో పల్లికారిస్ ఆ దారిలోనే మనిషి కంటి మీద చేసి, లాసిక్ అన్న పేరు ఖాయం చేశాడు. 1990ల చివరికి ఇది దునియా అంతా పాకింది. ఆ తర్వాత పదేళ్ళకి మా అమ్మీ చిట్టీ ఎత్తింది.

ఈ ఉస్తాదులందరి లెక్కలోనూ ఎంత దూరం కనిపిస్తుంది, ఎన్నో లైను చదువుతారు అన్నవే ఉన్నాయి. షిర్మర్ కాగితం పట్టీ వేరే గదిలో, వేరే డాక్టర్ల దగ్గర ఉంది. రెండు తారీఖులూ ఎదురుపడింది ఆ తలుపు అంచు దగ్గర. ఒంట్లో ఎక్కడా లేనంత దట్టంగా నరాలు కార్నియాలో ఉంటాయి. అవి అంచుల నుంచి లోపలికి వచ్చి పైకి పాకుతాయి. తలుపు కోస్తే, మడత దగ్గర తప్ప మిగతా చుట్టూ అవన్నీ తెగుతాయి. కన్ను ఎండుతోందని మెదడుకి ఖబర్ పంపేవి అవే. ఖబర్ పోకపోతే కన్నీటి గ్రంథి మామూలుగా ఊరించాల్సినంత నీరు ఊరించదు, రెప్ప కూడా వాల్చాల్సినన్ని సార్లు వాల్చదు.

గుడియా ఇక్కడే అడ్డం వచ్చింది. "మరి నీ రుఖ్సతీ నాడు నువ్వు బోరున ఏడ్చావని అమ్మీ చెప్పింది, ఆ నీళ్ళెక్కడివి?" మంచి ప్రశ్న. నేనూ అదే అనుకుని చాన్నాళ్ళు నాకు పొడి కళ్ళ జబ్బు లేదని వాదించాను. గుండె బరువెక్కితే వచ్చే ఆంసూలు వేరు. ఉల్లిపాయ కోస్తే వచ్చేవి వేరు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఎవరికీ కనబడకుండా కంటి మీద పరుచుకుని ఉండే పల్చటి తడి వేరు. ఆ తడి మందం మిల్లీమీటర్లో కొన్ని వేల వంతులే. నీరు, దాన్ని కంటికి అంటించే జిగురు, ఆవిరైపోకుండా పైన కప్పే నూనె, మూడూ కుదరాలి. కుదరకపోతే కన్ను రెచ్చిపోయి ఒక్కసారిగా నీళ్ళు కార్చేస్తుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతూ ఉన్నవాళ్ళకే కళ్ళు ఎండి ఉండొచ్చు. నాకు బస్సు కిటికీ దగ్గర అలాగే కారేవి. పక్కవాళ్ళు అయ్యో అనుకుని జాలిపడేవారు.

తెగిన నరాలు మళ్ళీ మొలుస్తాయి. ఎక్కువమందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో కన్ను సర్దుకుంటుంది. నాలాంటి కొందరికి ఏళ్ళు పడుతుంది, పూర్తిగా పాతలా కాదు. అమెరికాలో ఎఫ్‌డీఏ, రక్షణ శాఖ, జాతీయ నేత్ర సంస్థ కలిసి చేయించిన అధ్యయనం 2017లో అచ్చయింది. ఆపరేషన్‌కి ముందు ఏ పొడి లక్షణమూ లేనివాళ్ళలో 28 శాతం మందికి మూడు నెలలప్పుడు ఎంతో కొంత తక్లీఫ్ ఉంది. అదే అధ్యయనంలో తమ చూపు బాగాలేదన్నవాళ్ళు 1 నుంచి 4 శాతమే. రెండు అంకెలూ నిజమే, రెండూ కలిపే చెప్పాలి. నాకిచ్చిన కాగితంలో మొదటిదానికి ఒక చిన్న లైను ఉంది, కొన్నాళ్ళు పొడిగా ఉండవచ్చని. దస్తఖత్ పెట్టిన చోటికి సరిగ్గా పైన.

ఆ రోజుల్లోనే నాకు ఫిల్మ్‌నగర్‌లో పని దొరికింది. సినిమాలకి సబ్‌టైటిల్స్ రాస్తాను. టోలీచౌకీ నుంచి షేక్‌పేట మీదుగా ఎక్కితే ఫిల్మ్‌నగర్, ఇంకాస్త పైకి పోతే జూబ్లీహిల్స్. కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండకి వచ్చే ముసాఫిర్లు దిగిన సరాయి షేక్‌పేటలో ఇంకా నిలబడి ఉంది. దాని పైన గుట్టలన్నీ ఒకప్పుడు బండరాళ్ళూ తుప్పలూ. మద్రాసు నుంచి సినిమా కదిలొచ్చాక అన్నపూర్ణా స్టూడియో, రామానాయుడు స్టూడియో, పద్మాలయా అంటూ ఆ రాళ్ళ మీదే మొలిచాయి. ఎడిటింగ్ గదికి కిటికీ ఉండదు. ఏసీ పదహారు మీద, తెర మీద ఒకే సీను నలభై సార్లు. తెర చూస్తున్నప్పుడు మనిషి రెప్పవాల్చడం సగం కంటే తగ్గిపోతుంది. నా కళ్ళకి ఇంతకంటే చెడ్డ చోటు వెతికినా దొరకదు. అన్నం పెట్టేదీ ఆ చోటే.

సినిమాకీ కంటికీ ఈ వైరం పాతదే. హాలీవుడ్‌లో మూకీల కాలంలో క్లీగ్ల్ కంపెనీ ఆర్క్ దీపాల కింద నటించినవాళ్ళకి కళ్ళు వాచి, ఎర్రబడి, వెలుతురు చూడలేకపోయేవారు. దానికి క్లీగ్ కళ్ళు అనే పేరే పడింది. దీపంలోంచి వచ్చే అతినీల కిరణాలు కార్నియాని కాల్చడమే దానికి కారణం. ఇప్పటి దీపాలు అంత జాలిమ్‌వి కావు. మారనిది గ్లిజరిన్. ఒకసారి డబ్బింగ్ సీను కోసం సెట్ మీదికి వెళ్ళాను. మేకప్ అన్న హీరోయిన్‌కి గ్లిజరిన్ రాసి నా వైపు తిరిగి, "మేడమ్, మీకిది అక్కర్లేదు, మీ కళ్ళు ఎప్పుడూ తయారే" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తమాషా ఏమిటంటే, నా సంచీలో ఉండే కన్నీటి చుక్కల్లాంటి కొన్ని మందుల్లోనూ గ్లిజరిన్ ఉంటుంది, నూటికి ఒక వంతో అంతకంటే తక్కువో, శుద్ధి చేసి. సెట్ మీది సీసా మాత్రం కంట్లోకి పోకూడదు. ఎవరైనా అది ప్రయత్నిస్తారేమోనని చెప్తున్నాను.

ఇదే సినిమా లోకం ఇంకో పనీ చేసింది. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది కదా, ఆయనెవరో పెద్ద డాక్టర్ అనుకునేవాళ్ళు మన చుట్టాల్లోనే బోలెడుమంది. డాక్టర్ కాదు, సినిమా మనిషి. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టి, బొంబాయి పారిపోయి, 1931లో దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా'లో, అదే ఏడు 'కాళిదాస్'లో, మరుసటేడు 'భక్త ప్రహ్లాద'లో వేషాలు వేశాడు. 1949లో 'మనదేశం' తీసి ఎన్టీఆర్‌ని తెర మీదికి తెచ్చాడు. అమెరికాలో పని చేసి తిరిగొచ్చిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు కంటి సంస్థ పెట్టాలనుకున్నప్పుడు, ప్రసాద్ కుటుంబం కోటి రూపాయలూ ఐదెకరాల జమీనూ ఇచ్చింది. 1987లో అది మొదలయింది. తెర మీద ఎంతమందిని ఏడిపించాడో ఆ దర్శకుడు! 1998లో జూబ్లీహిల్స్‌లో చిరంజీవి కంటి బ్యాంకు వచ్చింది. పనికెళ్ళే దారి కాబట్టి ఆ బోర్డు తరచూ చూస్తాను. లాసిక్ అయిన కార్నియాను ఇంకొకరికి పూర్తి మందంతో మార్చడానికి మామూలుగా వాడరని చదివాక, ఆ బోర్డు చూసినప్పుడల్లా మనసు ఒక రకంగా అవుతుంది. అలాగని ఇవ్వకూడదని కాదు. లోపలి పొర ఒక్కటే కావాల్సిన వాళ్ళకి అది పనికి రావచ్చు.

నా ఇలాజ్ ఎలా కుదిరిందో కూడా చెప్తాను. రెండేళ్ళ తర్వాత వేరే చోట ఒక డాక్టరమ్మ నన్ను చార్ట్ చదవమనలేదు. మొదట కాగితం పట్టీ పెట్టారు. 3 మిల్లీమీటర్లు. తర్వాత రెప్పల అంచు నొక్కి చూశారు. అక్కడ వరుసగా నూనె గ్రంథులుంటాయి, 1666లో మైబోమ్ అనే జర్మన్ వైద్యుడు వాటిని వర్ణించాడు. నావి గడ్డకట్టిన నెయ్యిలా పూడుకుపోయి ఉన్నాయి. నీరూ తక్కువే, నూనే తక్కువే. అంతకుముందు నేను వాడినవన్నీ నీటి చుక్కలే.

వేడి కాపడంతో మొదలుపెట్టారు. మెడికల్ షాపులో ఏమీ కొననక్కర్లేదు. వేడినీళ్ళలో ముంచి పిండిన శుభ్రమైన రుమాల్, ముందు మణికట్టు మీద పెట్టి చూసుకుని, మూసిన రెప్పల మీద పది నిమిషాలు. వేడి సుమారు 40 డిగ్రీలు ఉండాలి కాబట్టి రెండు మూడుసార్లు మళ్ళీ ముంచాలి. తర్వాత రెప్పల అంచుని మెత్తగా ఒత్తి తుడవాలి. ఇది నెల రోజుల పని కాదు, పళ్ళు తోముకోవడంలాంటిదన్నారు. నేను ఇషా తర్వాత చేస్తాను, మా ఆయన అప్పుడే వార్తలు పెట్టుకుంటారు.

చుక్కల విషయంలో నేను చేసిన తప్పు చాలామంది చేస్తున్నారు. మామూలు సీసాల్లో మందు పాడవకుండా నిల్వ మందు కలుపుతారు. రోజుకి రెండు మూడుసార్లయితే ఫర్వాలేదు, నాలా ఎనిమిదిసార్లు వేసుకుంటే ఆ నిల్వ మందే కంటిని కొరుకుతుంది. అందుకే ఇప్పుడు ఈ చిన్న వయల్స్. ఖరీదెక్కువ, కాదనను. ఎరుపు పోగొట్టే చుక్కలు, పొరుగింటావిడ ఇచ్చిన స్టెరాయిడ్ చుక్కలు అసలు వద్దు. స్టెరాయిడ్ డాక్టర్ చూస్తూ ఇస్తే దవా. మనమే కొనుక్కుని నెలలు వేసుకుంటే కంటి ఒత్తిడి పెరిగి, మోతియా వచ్చి, ఉన్న చూపు కూడా పోవచ్చు. నాకు తర్వాత సైక్లోస్పోరిన్ చుక్కలిచ్చారు, పని చేయడానికి మూడు నెలలు పట్టింది, మొదటి వారాలు మంట. కన్నీరు ముక్కులోకి దిగే సన్నటి రంధ్రాలకి చిన్న బిరడాలు కూడా పెట్టారు. మరీ కష్టమైన వాళ్ళకి సొంత రక్తంలోంచి తీసిన సీరం చుక్కలుగా ఇస్తారు. నాకు అంత దూరం రాలేదు, అల్హమ్దులిల్లాహ్. ఏసీ గాలి మొహానికి తగలకుండా కుర్చీ తిప్పుకున్నాను, తెరను కంటికంటే కిందికి దించాను. స్కూటీ మీద పక్కలు మూసిన అద్దాలు పెట్టుకుంటాను. అవును, మళ్ళీ అద్దాలే.

రంజాన్‌లో మొదటి సంవత్సరం చుక్కలు మానేసి నరకం చూశాను. రోజా పోతుందేమోనని. గొంతులో చేదు తగిలేది కదా, అందుకని అనుమానం. తర్వాత తెలిసింది. 1997లో జెద్దాలో కూర్చున్న అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, కంటి చుక్కలతో రోజా చెడదని తీర్మానించింది. మన మొహల్లా మౌలానా సాబ్‌ని అడిగినా అదే అన్నారు. మీరూ మీ ఇమామ్‌ని అడిగి మనసు కుదుటపరచుకోండి గానీ, నాలా కళ్ళు ఎండబెట్టుకోకండి.

గుడియాకి వద్దని చెప్పలేదు. దాని వయసులో నాకెవరైనా వద్దంటే వినేదాన్ని కాదు. ఒక్కటే అన్నాను, చార్ట్ లెక్క చూసేముందు ఆంసూల లెక్క చూడమని. మంగళవారం ఇద్దరం వెళ్ళాం. అది రెండేళ్ళుగా కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని, గుచ్చుకుంటున్నాయని మానేసిందన్న సంగతి డాక్టర్ అడిగితే గానీ బయటికి రాలేదు. మాకెవరికీ చెప్పలేదు. కాగితం పట్టీలు పెట్టారు. అయిదు నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చుంది, నా చెయ్యి పట్టుకుని. కుడి 7, ఎడమ 6.

"చేయకూడదని కాదు, ఇప్పుడే వద్దు. మూడు నెలలు రెప్పల ఇలాజ్ చేసి మళ్ళీ కొలుద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే కోయకుండా లోపల పెట్టే లెన్స్ సంగతి, లేదా చష్మానే ఉంచుకోవడం, రెండూ మాట్లాడుకుందాం" అన్నారు డాక్టరమ్మ.

బయటికొచ్చి ఆపాకి ఫోన్ చేశాం. ఆపా కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వాళ్ళకేం చెప్పమంటావ్?" అంది. గుడియా ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, "అమ్మీ, ఆరు, ఏడు అని చెప్పు" అంది. ఆటోలో షేక్‌పేట వైపు దిగుతుంటే దుమ్ము లేచింది. అది చష్మా తీసి దుపట్టా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. నేను నా అద్దాలు పెట్టుకున్నాను.

అబ్బాయి వాళ్ళు జుమ్మాకి జవాబ్ చెప్తామన్నారు.